ఉపవాసం రహస్యంగానా, సంఘంతో కలిసా?

ఏటా ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలయ్యే వారంలో తెలుగు క్రైస్తవుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన లేస్తుంది. ఫలానా సంఘంలో 21 రోజుల ఉపవాస ప్రార్థనలని ఎవరో పోస్టరు పెడతారు. కాసేపటికే దాని కింద మత్తయి సువార్త 6వ అధ్యాయం ప్రత్యక్షమవుతుంది. ఉపవాసం ఉన్నట్టు మనుషులకు కనబడవద్దని ప్రభువే చెప్పాడు కదా, మరి ఈ ప్రచారమేమిటని ప్రశ్న. దానికి ఇంకొకరు పాత నిబంధనలోని యోవేలు ప్రవక్త గ్రంథం 2వ అధ్యాయంతో జవాబిస్తారు. బాకా ఊది మరీ ఉపవాస దినం ప్రకటించమన్నది కూడా దేవుడే కదా అని. ఆ తర్వాత ఎవరి వాక్యం వాళ్లు పట్టుకుని కూర్చుంటారు. వాదన తెగదు.

2026లో దీనికి ఇంకో సందర్భం కూడా తోడైంది. ఫిబ్రవరి 15న మహాశివరాత్రి, 18న శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం, దాదాపు అవే రోజుల్లో రంజాన్ ఉపవాసాల ఆరంభం. ఒకే వీధిలో మూడు మతాలవాళ్లు ఉపవాసాల మాట ఎత్తే వారం అది. "మీరూ ఉంటారా? ఎన్ని గంటలకు విడుస్తారు?" అని పక్కింటివాళ్లు అడిగితే క్రైస్తవుల్లో ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు వస్తుంది. కొందరు నలభై రోజులూ మాంసం ముట్టరు. కొందరు శుక్రవారం మధ్యాహ్నం వరకే. కొందరు అసలు అలాంటి పద్ధతే లేదంటారు. వీళ్లందరూ ఒకే బైబిలు చదివేవాళ్లే. ఇన్ని తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలంటే మొదలు నుంచి రావాలి.

ఏది ఉపవాసం, ఏది వర్జన

బైబిల్లో ఉపవాసమంటే ప్రధానంగా దేవుని సన్నిధి కోసం కొంత సమయం తిండి మానడం. అందులో రకాలున్నాయి. ఎస్తేరు రాణి తన యూదు జనాన్నంతా మూడు రోజులు రాత్రింబవళ్లు అన్నం, నీళ్లు రెండూ మానమంది. ఇది అత్యంత కఠినమైనది, అరుదైనది. నీళ్లు తాగుతూ తిండి మాత్రం మానేది మామూలు ఉపవాసం. దానియేలు మూడు వారాలు రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం మానేశాడు. ఇది పాక్షిక ఉపవాసం. ఈమధ్య వినిపిస్తున్న "దానియేలు ఉపవాసం", "21 రోజులు" రెండూ ఇక్కడి నుంచి వచ్చినవే.

మాంసం మాత్రం మానడాన్ని కథోలికులు ఉపవాసం అనరు. అది వర్జన. వాళ్ల లెక్కలో ఉపవాసం అంటే రోజులో ఒక్క పూటే నిండుగా తినడం. మిగతా రెండు పూటలు తీసుకునే కొద్దిపాటి ఆహారం రెండూ కలిపినా ఒక భోజనానికి సరిపోకూడదు. మన ఒక్కపొద్దుకు దగ్గరగా ఉంటుంది.

ఇక శ్రమకాలం, తపస్సుకాలం, లెంట్ మూడూ ఒకటే. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో శ్రమకాలం, శ్రమ దినాలు అంటారు. కథోలిక దేవాలయాల్లో తపస్సుకాలం అంటారు. సీఎస్ఐ, లూథరన్ వాళ్లు భస్మ బుధవారం అనేదాన్ని కథోలికులు విభూది బుధవారం అంటారు. స్వతంత్ర సంఘాల్లో, పెంతెకొస్తు సంఘాల్లో చాలావరకు ఈ క్యాలెండర్ పాటించరు. కానీ ఉపవాస కూటాలు ఎక్కువగా జరిగేది అక్కడే. శుక్రవారం ఉపవాస ప్రార్థన అనగానే చాలామందికి గుర్తొచ్చేది వాళ్లే.

మత్తయి 6లో యేసు దేన్ని తప్పుపట్టాడు

కొండమీద ప్రసంగంలో ఈ మాటలు ఒంటరిగా లేవు. యేసు ముందు దానధర్మాల గురించి చెప్పాడు, తర్వాత ప్రార్థన, ఆ తర్వాత ఉపవాసం. మూడింటికీ ఒకటే వరస. వేషధారులు మనుషులకు కనబడాలని చేస్తారు, వాళ్లకు రావలసిన ఫలం అప్పుడే వచ్చేసింది, మీరు మాత్రం రహస్యమందు చూసే తండ్రి కోసం చేయండి. ఉపవాసం దగ్గర ఇంకా వివరంగా చెప్పాడు. ముఖం వాడిపోయినట్టు పెట్టుకోవద్దు, తలకు నూనె రాసుకో, ముఖం కడుక్కో.

ఇప్పుడు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రార్థన గురించి గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు. దాన్ని అక్షరాలా తీసుకుంటే ఆదివారం ఆరాధనే ఉండకూడదు. అలా ఎవరూ అనరు. ఎందుకంటే ఆ వెంటనే నేర్పిన ప్రార్థన "మా తండ్రీ" అని మొదలవుతుంది. "మా అనుదినాహారము" అని సాగుతుంది. గది తలుపు వేసుకున్నవాడి నోట కూడా అందరి ప్రార్థనే. ప్రార్థన దగ్గర మనం ఒప్పుకునే ఈ సంగతిని ఉపవాసం దగ్గర కూడా ఒప్పుకోవాలి కదా అన్నది సామూహిక ఉపవాసాన్ని సమర్థించేవాళ్ల వాదన. నాకు ఇది బలమైన వాదనగానే కనిపిస్తుంది.

అయితే ఎదుటి పక్షం మాటలోనూ పస ఉంది. కూటంలో "నేను ఇవాళ్టికి పదకొండో రోజు" అని సాక్ష్యం చెప్పేవాళ్లు, దానికి అందరూ స్తోత్రం అనడం మనం చూస్తూనే ఉన్నాం. లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన కూడా అచ్చం ఇలాంటిదే. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నానని దేవుడికే లెక్క చెప్పాడు. సంఘమంతా కలిసి చేసినంత మాత్రాన ఆ రోగం రాదని చెప్పడానికి లేదు.

కాబట్టి మత్తయి 6ను ఒంటరిగానా, కలిసా అన్న ప్రశ్నకు జవాబుగా చదివితే దారి తప్పుతాం. అక్కడున్న ప్రశ్న ఎవరి మెప్పు కోసం అన్నది. ఆఫీసులో మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుతున్నారు. శుక్రవారం ఉపవాసం ఉన్న ఒకామె పక్కన కూర్చుంది. "తినట్లేదేం?" అని అడిగారు. "కడుపులో బాగోలేదు" అంటే అబద్ధం. "ఇవాళ వద్దులే" అంటే సరిపోతుంది. పట్టుబట్టి అడిగితే ఉన్న మాట చెప్పినా ఉపవాసం చెడిపోదు. తెలిసిపోవడం వేరు, తెలియాలని చూడటం వేరు. అదే ఆమె పొద్దున్నే స్టేటస్‌లో పెట్టి ఉంటే, అప్పుడు మత్తయి 6 నేరుగా ఆమెతోనే మాట్లాడుతోంది.

ఊరంతా కలిసి ఉపవాసం ఉన్న సందర్భాలు

పాత నిబంధనలో ధర్మశాస్త్రం ఏటా తప్పనిసరి చేసిన ఉపవాసం ఒక్కటే, ప్రాయశ్చిత్త దినం. అది జనమంతా చేసేది. తర్వాత యెరూషలేము నాశనాన్ని తలుచుకుంటూ నాలుగు, అయిదు, ఏడు, పదో నెలల్లో ఉపవాసాలు వచ్చాయి. జెకర్యా 8లో వీటి ప్రస్తావన ఉంది. ఇవి కాక ఆపద ముంచుకొచ్చినప్పుడు ప్రకటించేవి ఉన్నాయి. శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు యెహోషాపాతు రాజు యూదా అంతటా ఉపవాసం చాటించాడు. చెరనుంచి తిరిగొస్తూ అహవా నది దగ్గర ఎజ్రా ప్రకటించాడు. దారిలో కాపలాకు సైనికులను అడగడానికి రాజు ముందు సిగ్గుపడ్డాను అని ఎజ్రా నిజాయితీగా రాసుకున్నాడు.

యోవేలు పిలుపులో ఒక వివరం చూడాలి. పెద్దలను పిలవమన్నాడు, పిల్లలను పిలవమన్నాడు, చంటిబిడ్డలను కూడా తెమ్మన్నాడు. పెళ్లికొడుకు గదిలోంచి బయటికి రావాలన్నాడు. మిడతల దండు పంట తినేసిన దేశంలో అందరి గాదెలూ ఖాళీయే. అక్కడ ఎవరు ఎవరికి చూపించుకుంటారు? అందరూ ఉపవాసంలో ఉన్నప్పుడు ఏ ఒక్కరూ ప్రత్యేకం కారు. సామూహిక ఉపవాసంలోని అసలు గుట్టు ఇదేనని నా నమ్మకం. పైకి బహిరంగంగా కనిపించేది నిజానికి ఒక్కో మనిషిని దాచిపెడుతుంది.

కానీ బైబిలు దీని చీకటి వైపు కూడా చూపించింది. నాబోతు ద్రాక్షతోట మీద అహాబు రాజు కన్ను పడింది. నాబోతు ఇవ్వనన్నాడు. అప్పుడు అహాబు భార్య యెజెబెలు ఏం చేసింది? రాజు పేర తాకీదులు రాసి ఊళ్లో ఉపవాసం చాటించింది. ఆ సమావేశంలోనే నాబోతును పెద్ద స్థానంలో కూర్చోబెట్టి, ఇద్దరు దొంగ సాక్షులతో దైవదూషణ మోపించి, రాళ్లతో కొట్టించి చంపించింది. ఒకడి భూమి లాక్కోవడానికి ఉపవాస దినాన్నే వాడుకున్నారు. అందుకే ప్రవక్తలు ఉపవాసం అనగానే ముందు అనుమానంగా చూస్తారు. యెషయా 58లో జనం "మేము ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవు?" అని దేవుణ్ని నిలదీస్తే, ఉపవాసం నాడే మీరు పనివాళ్ల చేత కష్టమైన పని చేయిస్తున్నారన్న జవాబు వచ్చింది.

నిరాహార దీక్షకూ దీనికీ తేడా ఏమిటి

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న సహజం. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో దీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15న ప్రాణం విడిచిన చరిత్ర మనది. తిండి మానడం అనగానే ఒక డిమాండు కోసం కూర్చోవడం గుర్తొస్తుంది. దీక్ష అధికారంలో ఉన్నవాళ్లను ఉద్దేశించినది. లోకం చూడటంలోనే దాని బలం ఉంది. రహస్యంగా చేసే నిరాహార దీక్షకు అర్థమే లేదు.

ఒంటరిగా చేసే ఉపవాసం దీనికి పూర్తిగా అటువైపు ఉంటుంది. చూసేది దేవుడొక్కడే. సామూహిక ఉపవాసం ఈ రెండింటి మధ్యలో కనిపించినా దాని ముఖం దేవుడివైపే. తేడా ఒక్కటే, అక్కడ "నేను" బదులు "మేము" ఉంటుంది. ఆ "మేము" ఎక్కడైనా లోకం వైపు తిరిగితే, ఫలానా సంఘంకన్నా మా సంఘంలో ఎక్కువ రోజులు అన్నంతవరకు వస్తే, అది దీక్ష కూడా కాదు, ప్రదర్శన.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. దీక్ష ఒత్తిడి తెస్తుంది. మరి ఉపవాసం దేవుడి మీద ఒత్తిడా? "ఏడు శుక్రవారాలు ఉండండి, మీ వీసా వస్తుంది" అన్న ప్రకటనలు చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. బైబిల్లో రెండు కథలు పక్కపక్కన పెడితే విషయం తెలుస్తుంది. నీనెవె పట్టణంలో రాజు నుంచి పశువుల దాకా ఉపవాసం ఉన్నారు, చెడ్డదారి విడిచారు, శిక్ష తప్పింది. దావీదు తన పసిబిడ్డ కోసం ఏడు రోజులు నేలమీద పడి ఉపవాసం ఉన్నాడు, బిడ్డ చనిపోయాడు. అప్పుడు దావీదు లేచి స్నానం చేసి, తైలం రాసుకుని, బట్టలు మార్చుకుని, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి అన్నం పెట్టించుకున్నాడు. సేవకులు విస్తుపోయారు. బిడ్డ బతికున్నంతసేపు దేవుడు కనికరిస్తాడేమోనని ఏడ్చాను, ఇప్పుడెందుకు ఉపవాసం అన్నాడు. ఉపవాసం చేసి అడిగాడు, రాలేదు, అయినా దేవుడి ముందే తలవంచాడు. ఏడు శుక్రవారాల హామీ ఇచ్చేవాళ్లు ఈ కథ చెప్పి ఆ తర్వాత హామీ ఇవ్వాలి.

తొలి శతాబ్దాల్లో ఎవరి లెక్క వాళ్లది

మీ శిష్యులు ఎందుకు ఉపవాసం ఉండరని అడిగితే యేసు పెళ్లి మాట ఎత్తాడు. పెళ్లికొడుకు తమతో ఉన్నంతకాలం పెళ్లివారు ఉపవాసం ఉండరు, అతడు తీసివేయబడే రోజులొస్తాయి, అప్పుడు ఉంటారు. అలాగే జరిగింది. అపొస్తలుల కార్యములు 13లో అంతియొకయ సంఘం ఆరాధిస్తూ ఉపవాసం ఉన్నప్పుడే బర్నబానూ సౌలునూ పంపమన్న ఆజ్ఞ వచ్చింది. ఇది ఒక సంఘం కలిసి చేసిన ఉపవాసమే. అంటే మత్తయి 6ను విన్న తరంవాళ్లే దాన్ని కలిసి చేయవద్దన్న ఆజ్ఞగా తీసుకోలేదు.

డిడాకే అనే చిన్న పుస్తకం తొలి సంఘాల పద్ధతుల గురించి చెబుతుంది. ఒకటో శతాబ్దం చివరిదో, రెండో శతాబ్దం మొదటిదో అంటారు. సోమ, గురువారాల్లో కాక బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండమని అందులో ఉంది. బాప్తిస్మానికి ముందు తీసుకునేవాళ్లు, ఇచ్చేవాళ్లు, వీలైతే ఇంకొందరు కలిసి ఉపవాసం ఉండాలని కూడా ఉంది. కొత్తగా చేరే ఒక్క మనిషి కోసం మిగతావాళ్లు కూడా ఆకలితో ఉండేవారన్నమాట.

ఈస్టర్ ముందు ఎన్ని రోజులు ఉండాలన్న దానిమీద మాత్రం అప్పుడే తేడాలున్నాయి. కొందరు ఒక్క రోజు, కొందరు రెండు, కొందరు ఇంకా ఎక్కువ, కొందరు నలభై గంటలు లెక్కపెట్టేవారు. రోమ్ బిషప్ విక్టర్ ఈస్టర్ తేదీ విషయంలో కఠినంగా వెళ్లబోతుంటే, లియోన్ బిషప్ ఇరేనియస్ రెండో శతాబ్దం చివర్లో ఆయనకు ఒక ఉత్తరం రాశాడు. ఉపవాసంలో మన తేడాలే విశ్వాసంలో మన ఏకత్వాన్ని స్థిరపరుస్తున్నాయని. వాట్సాప్ గ్రూపుల్లో అందరూ ఒకసారి చదవాల్సిన ఉత్తరం అది.

ఈజిప్టు ఎడారిలో జరిగిన ఒక సంఘటన ఈ మొత్తం చర్చను కళ్లముందు పెడుతుంది. స్కేతిస్‌లో సన్యాసులందరూ ఒక వారం ఉపవాసం ఉండాలని పెద్దలు ఆజ్ఞ ఇచ్చారు. ఆ వారంలోనే మోషే అనే సన్యాసి దగ్గరికి దూరం నుంచి కొందరు సహోదరులు వచ్చారు. ఆయన వాళ్లకోసం పొయ్యి రాజేసి కొంచెం కూర వండాడు. పొగ చూసి పక్క గుడిసెలవాళ్లు పెద్దలకు చెప్పారు, మోషే ఆజ్ఞ మీరాడని. వచ్చాక మాట్లాడతామన్నారు పెద్దలు. శనివారం అందరూ కూడినప్పుడు, మోషే ఎలాంటివాడో ఎరిగిన ఆ పెద్దలు అందరి ముందే అన్నారు: మనుషుల ఆజ్ఞ నువ్వు పాటించలేదు, దేవుడి ఆజ్ఞ మాత్రం పాటించావు.

ఇందులో పెద్దల ఆజ్ఞను ఎవరూ రద్దు చేయలేదు. కలిసి పెట్టుకున్న నియమం మంచిదే. ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెట్టడం దానికన్నా పెద్దది. ఈ వరస తెలిసినవాళ్లు సంఘంలో పెద్దలుగా ఉన్నంతకాలం సామూహిక ఉపవాసం ఎవరికీ భారం కాదు.

నలభై రోజుల లెక్క, కథోలిక చట్టం

శ్రమకాలం నలభై రోజులంటారు, కానీ క్యాలెండర్లో లెక్కపెడితే నలభై ఆరు వస్తాయి. 2026నే తీసుకుందాం. ఫిబ్రవరి 18 నుంచి నెలాఖరు వరకు 11 రోజులు, మార్చిలో 31, ఏప్రిల్ 4 శనివారం వరకు 4. మొత్తం 46. మధ్యలో వచ్చే ఆదివారాలు ఆరు. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆనాడు ఉపవాసం లేదు. 46లో 6 తీసేస్తే 40. అందుకే కొన్ని ఇళ్లలో శ్రమకాలంలో కూడా ఆదివారం మాంసం వండుకుంటారు, కొన్ని ఇళ్లలో ఈస్టర్ దాకా వండరు. ఇద్దరికీ వాళ్ల వాళ్ల లెక్క ఉంది.

కథోలిక సంఘం 1983 నాటి చట్ట సంహిత 1249వ సూత్రంలో మన చర్చకు నేరుగా పనికొచ్చే మాట చెప్పింది. ప్రతి విశ్వాసీ తనదైన పద్ధతిలో తపస్సు చేయాల్సిందే, అది దేవుడి ఆజ్ఞ. అయితే అందరూ ఏదో ఒక ఉమ్మడి ఆచరణలో కలవడానికి కొన్ని దినాలు నియమిస్తున్నాం అని. అంటే వ్యక్తిగతమే మూలం, సామూహికం దానికి కనీస కట్టుబాటు. ఆ కట్టుబాటు కూడా చిన్నదే. ఉపవాసం విభూది బుధవారం, శుభ శుక్రవారం రెండు రోజులే. మాంసం మానాల్సింది విభూది బుధవారం, శుక్రవారాలు, అందులోనూ మార్పులు చేసే అధికారం ఆయా దేశాల బిషప్పులకు ఉంది. ఒక ఇంటి ఉదాహరణ చూద్దాం. పదిహేడేళ్ల అబ్బాయికి మాంసవర్జన వర్తిస్తుంది, అది పద్నాలుగు నిండితే మొదలు. ఉపవాసం మాత్రం పద్దెనిమిది నిండాకే. నలభై అయిదేళ్ల తల్లికి రెండూ వర్తిస్తాయి. అరవై రెండేళ్ల నాయనమ్మకు ఉపవాసం నుంచి మినహాయింపు, మాంసవర్జనకు మాత్రం పైవయసు హద్దు లేదు.

తూర్పు సంఘాల్లో ఇది చాలా విస్తారం. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఏడాదిలో సుమారు 180 రోజులు ఉపవాస దినాలు. కేరళలో సిరియన్ క్రైస్తవులు ఈస్టర్ ముందు యాభై రోజుల నోన్బు (ఉపవాసం) ఉంటారు. దానికి మూడు వారాల ముందు నీనెవె పేరున మూడు రోజుల నోన్బు కూడా ఉంది. అక్కడ ఉపవాసం ఎవరి గొప్పా కాదు, ఇంటి వంట పద్ధతే ఆ రోజుల్లో మారిపోతుంది.

సాసేజ్ ముక్కలు, లూథరన్లు, వెస్లీ

ప్రొటెస్టెంట్లకు క్యాలెండర్ ఉపవాసం మీద అనుమానం ఎందుకో తెలియాలంటే 1522 మార్చి 9కి వెళ్లాలి. జూరిక్‌లో క్రిస్టోఫ్ ఫ్రోషావర్ అనే అచ్చాపీసు యజమాని ఇంట్లో, లెంట్ మొదటి ఆదివారం కొందరు సాసేజ్ (మాంసంతో చేసేది) ముక్కలు తిన్నారు. అది అప్పటి చట్టం ప్రకారం నేరం. జూరిక్ సంస్కర్త జ్వింగ్లీ అక్కడే ఉన్నాడు, తను తినలేదు. రెండు వారాల తర్వాత ఆహారం విషయంలో స్వేచ్ఛ గురించి ప్రసంగించాడు. ఫ్రోషావర్ మాత్రం తన పనివాళ్లు రాత్రింబవళ్లు కష్టపడుతున్నారని, వాళ్లకు సత్తువ కావాలని సమాధానం చెప్పుకున్నాడు. నాకు జ్వింగ్లీ సిద్ధాంతంకన్నా ఫ్రోషావర్ మాటే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఒళ్లు వంచి పనిచేసేవాడి ఆకలి, కూర్చుని చదువుకునేవాడి ఆకలి ఒకటి కావు.

సంస్కర్తలు ఉపవాసాన్ని కొట్టిపారేశారని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 26వ అధికరణంలో ఉపవాసాన్ని ఖండించడం లేదని స్పష్టంగా ఉంది. అది రక్షణకు తప్పనిసరి అంటూ మనస్సాక్షిని బంధించడాన్నే ఖండించింది. గుంటూరులో 1842 నుంచి సాగుతున్న లూథరన్ సంప్రదాయం ఈ దారిదే. శ్రమకాలం ఉంటుంది, సిలువ ధ్యానాలు ఉంటాయి, ఉపవాసం ఎవరిష్టం వాళ్లది. ఇక మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడింటి దాకా ఉపవాసం ఉండాలని తన వాళ్లకు చెప్పేవాడు. స్వేచ్ఛ పేరుతో మొత్తానికి మానేయడం కూడా ఆయనకు నచ్చలేదు.

కలిసి చేయడం బలవంతంగా మారినప్పుడు

2023 ఏప్రిల్ నుంచి కెన్యాలోని షకహోలా అడవిలో సమాధులు తవ్వుతూ పోతే బయటపడ్డ దేహాలు 400 దాటాయి. వాటిలో పిల్లలవీ ఉన్నాయి. ఆకలితో చనిపోతే యేసును కలుస్తామని ఒక బోధకుడు నమ్మించాడన్నది అక్కడి ఆరోపణ. దీన్ని ఉపవాసం అనడానికి నోరు రాదు. కానీ అక్కడిదాకా వెళ్లే దారిలో మొదటి అడుగు చిన్నదిగానే ఉంటుంది. నీకు విశ్వాసం ఉంటే ఇంకో రోజు ఉండు, మాత్రలు వేసుకుంటే ఉపవాసం పోతుంది, మధ్యలో విడిస్తే శాపం వంటి మాటలవి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మానితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు ఉపవాసం ఉండనక్కర్లేదని పాత సంప్రదాయాలున్న సంఘాలన్నీ ఏనాడో ఒప్పుకున్నాయి. రాసిపెట్టిన నియమాలు లేని సంఘాల్లోనే ఈ విషయం పాస్టర్ గారి విచక్షణ మీద వేలాడుతుంది. నియమం ఉంటే ధర్మశాస్త్రమైపోతుందని భయపడేవాళ్లు ఇది కూడా చూడాలి. రాసి ఉన్న నియమం బలహీనులకు అడ్డుగోడ. పౌలు రోమా 14లో తినేవాడు తిననివాణ్ని తృణీకరించకూడదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని రెండు వైపులా చెప్పాడు. పక్కన కూర్చున్నామె బిస్కెట్ తింటే వింతగా చూడని సంఘంలోనే కలిసి ఉపవాసం ఉండటం క్షేమం.

మిగిలిన పూట అన్నం ఎవరిది

రెండో శతాబ్దంలో రోమ్‌లో రాసిన హెర్మాస్ "కాపరి" అనే గ్రంథంలో ఉపవాసానికి లెక్క ఉంది. ఆ రోజు రొట్టె, నీళ్లు మాత్రమే తీసుకో. మామూలుగా తినేదానికి ఎంతయ్యేదో లెక్కవేసి, ఆ డబ్బు విధవరాలికో, తల్లిదండ్రులు లేని బిడ్డకో, అవసరంలో ఉన్నవాళ్లకో ఇచ్చేయి. అరిస్టైడిస్ అనే ఆయన కూడా అదే శతాబ్దంలో చక్రవర్తికి రాస్తూ, క్రైస్తవుల్లో ఎవరికైనా తిండి లేకపోతే మిగతావాళ్లు రెండు మూడు రోజులు ఉపవాసం ఉండి వాళ్లకు పెడతారని చెప్పాడు.

దీన్ని మన లెక్కల్లోకి తెచ్చి చూద్దాం. నలుగురున్న ఇంట్లో ఒక పూటకు బియ్యం, పప్పు, కూర, నూనె, గ్యాసు కలిపి 150 రూపాయలనుకుందాం. 2026 శ్రమకాలంలో ఫిబ్రవరి 20 నుంచి ఏప్రిల్ 3 వరకు ఏడు శుక్రవారాలు. ఒక్కో ఇంటికి 1,050 రూపాయలు. నలభై ఇళ్ల సంఘమైతే 42,000. పాతిక కిలోల బియ్యం బస్తా 1,400 అనుకుంటే ముప్పై బస్తాలు. ఒంటరిగా చేసిన ఉపవాసం ఒక ఇంటికి వారం గడిపిస్తుంది. కలిసి చేసింది పనుల్లేని నెలలో ఒక వాడను నిలబెడుతుంది. యెషయా 58 అడిగిన ఉపవాసం ఇదే: నీ ఆహారం ఆకలిగొన్నవాడితో పంచుకో.

ఇక్కడ రోజుకూలీ కుటుంబాల సంగతి విడిగా చెప్పాలి. తెలుగునాట సంఘాల్లో చాలావాటి పునాది మాల, మాదిగ పల్లెల్లో ఉంది. 1876-78 కరువులో తిండికి మాడిన తరాల వారసులు వాళ్లు. పని దొరకని రోజు పొయ్యి వెలగని ఇంటికి వెళ్లి ఉపవాసం ఉండమనడం అర్థం లేని మాట. అలాంటి ఇంటివాళ్లు కూడా శుక్రవారం పూట మానుకుని, వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు పక్కకు తీసి గుడికి తెస్తే, దాని విలువ లెక్కల్లోకి రాదు. వాళ్లు పూట మానకపోతే ఏమిటని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఆ పోగైన డబ్బు లెక్క చెప్పేటప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. సంఘానికి పారదర్శకంగా లెక్క చెప్పాలి. అదే సమయంలో ఎవరెంత ఇచ్చారో పేర్లు చదివితే, ఉపవాసం దగ్గర తప్పించుకున్న మత్తయి 6 దానం దగ్గర పట్టుకుంటుంది. కొన్ని సంఘాలు శ్రమకాలం మొదట్లో పేరు రాయనక్కర్లేని కవర్లు ఇంటింటికీ ఇచ్చి, ఈస్టర్ వారంలో అన్నీ ఒకే పెట్టెలో వేయించుకుంటాయి. నోటీసు బోర్డు మీద మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న రెండు అంకెలే రాస్తాయి.